బాబాయి అనని మాట

బాబాయి పోయారన్న కబురు నాకు గోడ అవతలి నుంచి వచ్చింది. మాదీ వాళ్ళదీ ఒకే ఇంట్లో రెండు వాటాలు. మధ్య గోడ మీద పిన్ని గరిటెతో కొట్టిందంటే కాఫీపొడి అయిపోయిందనో, కుళాయి వచ్చిందనో అర్థం. ఆ పొద్దున పాలవాడు కూడా రాకముందే అరచేత్తో కొట్టిన చప్పుడు వినిపించింది. ఒక్కసారి కొట్టి ఊరుకుంది. నేను వెళ్ళేసరికి పిన్ని మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. "కాఫీ తాగుతానన్నారే అమ్మాయ్. కలుపుకొచ్చేసరికి లేరు" అంది. చేతిలో గ్లాసు అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. నేనే తీసుకుని కిటికీలో పెట్టాను.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. బందరులో మా వీధి వీధంతా ఆయన్ని బాబాయి అనే పిలిచేవాళ్ళు. పాత బజారులో ఒక బట్టల కొట్లో గుమస్తా. అదే కొట్టు అరుగు మీద మా నాన్న మిషను వేసుకుని కుట్టేవాడు. నాన్న పోయాక ఆ కొట్టు చీరలకు ఫాల్ కుట్టే పని నాకిప్పించింది బాబాయే. అంచేత ఇది ఆ కొట్టు తిండి తిన్న మనిషి రాస్తున్న ముక్క. పక్షపాతం ఉంటుంది. ఉండనివ్వండి.

ఆ కొట్టు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. చెప్పులు మెట్టు కింద విడిచి లోపలికి వెళ్తే గోడ నుంచి గోడకు తెల్ల దుప్పటి పరిచిన పరుపు. కొనేవాళ్ళు ఇటు కూర్చునేవాళ్ళు, బాబాయి అటు. అవనిగడ్డ బస్సు దిగి, కోడూరు బస్సు దిగి, పెళ్ళి బట్టలకని కుటుంబాలకు కుటుంబాలు వచ్చేవి. ముసలమ్మలు గోడకు చేరబడి కాళ్ళు చాపుకునేవాళ్ళు. చంటిపిల్లలు పరుపు మీదే నిద్రపోయేవాళ్ళు. ఏం కావాలని అడిగే ముందు "కూర్చోండి" అనేవారు బాబాయి. కొనకుండా లేచిపోయినా మొహం మాడ్చుకునేవారు కాదు. చూపించడానికి విసుక్కునేవాడు తాలూకాఫీసులో ఉండాలిగానీ బట్టల కొట్లో కాదని ఆయన మాట.

చీర నచ్చిందో లేదో ఎవరైనా తేల్చుకోలేకపోతే, ఆయనే లేచి భుజం మీద వేసుకునేవారు. పొట్ట దగ్గర కుచ్చిళ్ళు పట్టుకుని, పమిట వెనక్కి జార్చి, ఆ బుర్రమీసాలతో అటు తిరిగి ఇటు తిరిగి చూపించేవారు. సిగ్గుతో తల ఎత్తని పెళ్ళికూతుళ్ళు కూడా అప్పుడు ఫక్కున నవ్వేవాళ్ళు. "గుడ్డ అరలో ఉన్నంతసేపు దాని సంగతి తెలీదమ్మా, ఒంటి మీద పడాలి" అనేవారు. పిన్ని దెప్పేది: ఊళ్ళో ఆడవాళ్ళందరి కంటే ఎక్కువ చీరలు కట్టినవాడు మా ఆయనే, కట్టుకున్నదానికి మాత్రం ఏడాదికి రెండు. ఆయన ఆ మాటకు ముసిముసిగా నవ్వేవారు తప్ప మూడోది తెచ్చేవారు కాదు.

ఇవన్నీ నలుగురూ చూసినవే. నేను చెప్పాలనుకున్నది చివరి అరలో ఉండే తెల్లగుడ్డ గురించి.

కొట్టు తాళాలు బాబాయి దగ్గర ఉండేవి. ఎవరింట్లోనైనా మనిషి పోతే, కొత్తబట్ట కోసం మా ఇంటికి వచ్చేవాళ్ళు. వేళాపాళా ఏముంటుంది చావుకి? వచ్చినవాళ్ళు పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. గేటు కడ్డీ పట్టుకుని ఊరికే నిలబడేవాళ్ళు. ఆ నిలబడడంలోనే బాబాయికి తెలిసిపోయేది. అన్నం ముందు నుంచి కూడా లేచేవారు. మేకుకున్న చొక్కా తగిలించుకుని, మాట్లాడకుండా వాళ్ళ ముందు నడిచేవారు.

చిన్నప్పుడు నాన్నకు అన్నం తీసుకెళ్ళినప్పుడు నేనూ చూశాను. ఆ గుడ్డకు కత్తెర పెట్టేవారు కాదు, చేత్తో చింపేవారు. కొలత పైకి చెప్పేవారు కాదు. బేరం ఉండేది కాదు. పాత పేపర్లో చుట్టి చేతికివ్వకుండా చెక్క బల్ల మీద పెట్టేవారు, వాళ్ళే తీసుకునేవాళ్ళు. తీసుకుని మెట్టు దిగేదాకా ఆయన అరల వైపు తిరిగి నిలబడేవారు. ప్రతివాళ్ళనీ "వెళ్ళిరండమ్మా, మళ్ళీ రండి" అని సాగనంపే మనిషి, వాళ్ళకు ఒక్క ముక్క చెప్పేవారు కాదు. ఎందుకని అడిగాను. "చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్తామా? ఇదీ అంతే అమ్మాయ్. ఈ గుడ్డ కోసం మళ్ళీ రమ్మని ఎవర్ని పిలుస్తాం?" అన్నారు.

అది ఆయన ఎక్కడ నేర్చుకున్నారో తర్వాత నాన్న చెప్పాడు. దివిసీమ ఉప్పెన నాటికి బాబాయి కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు. షావుకారు గారు ఉన్న తెల్ల తానులన్నీ లారీకెత్తించి, వెంట ఈయన్ని పంపారట. కోడూరు దాటి అవతలికి, రోడ్డు ఉన్నంత మేరా వెళ్ళారట. అక్కడ ఏం చూశారో బాబాయి ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే ఒకటే అనేవారు. "చింపి చింపి వేళ్ళు కోసుకుపోయాయి. గుడ్డ చాల్లేదు."

ఆ తర్వాత బెజవాడ వాళ్ళ పెద్ద షాపు వచ్చింది. బస్టాండు దారిలో అద్దాల మేడ. ప్రారంభానికి సినిమా హీరోయిన్ వస్తోందంటే గుడివాడ నుంచి కూడా జనం బస్సులెక్కి వచ్చారు. ఆషాఢంలో ఒకటి కొంటే ఒకటి ఉచితం. శ్రావణంలో ఇంకోటి. చీరలు కేజీల లెక్కన కూడా అమ్మారు, వంకాయల్లాగా. అందరం వెళ్ళాం. నేనూ వెళ్ళాను, మా పిల్లలకి అక్కడే కొన్నాను. చవగ్గా వస్తుంటే ఎవరు మానుకుంటారు? చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే మనిషికి, నాట్లకెళ్ళి నడుం పట్టేసిన మనిషికి, ఎక్కువ పెట్టి పాత కొట్లోనే కొనమని చెప్పే నోరు నాకు లేదు.

కానీ ఆ చవక ఎవరి మీద పడిందో మాత్రం చూశాను. ఆ షాపు చీరకు ఫాల్ కుట్టే ఇస్తుంది. ముందు ఆగింది నా మిషను. తర్వాత అరుగుల మీద దర్జీలు ఒక్కొక్కరూ లేచిపోయారు. ఒకతను గుడ్లవల్లేరు కాలేజీ ముందు టీ బండి పెట్టాడు, ఇంకొకతను ఆటో తోలాడు. బజారులో కొట్లు ఒకదాని తర్వాత ఒకటి షట్టర్లు దించాయి. మా షావుకారు గారు ఒకటి రెండు పెళ్ళి సీజన్లు పళ్ళబిగువున నెట్టుకొచ్చారు. రిబేటు అని గుమ్మానికి గుడ్డ కట్టారు. ఎవరూ మెట్టెక్కలేదు. చివరికి ఒకనాడు గుమస్తాలందర్నీ కొనేవాళ్ళు కూర్చునే వైపు కూర్చోబెట్టి, కాఫీలు తెప్పించి, తాను ఏడ్చేశారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

యాభై దగ్గరపడ్డ మనిషిని కొత్తగా పనిలో పెట్టుకునేదెవరు? పిన్నికి ఆస్తమా, ఇంటికి ఆయన జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. గుడ్డ తెలిసిన మనిషని ఆ పెద్ద షాపే తీసుకుంది. మొదటి రోజు నీలం చొక్కా లోపలికి దోపుకుని, జన్మలో మొదటిసారి బూట్లేసుకుని గుమ్మంలోకి వచ్చారు. పిన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఏ బ్యాంకండీ తమరిది అంది. ముగ్గురం నవ్వాం. ఆ సాయంత్రం వేణ్ణీళ్ళ బకెట్టులో ఉప్పు వేసి కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు మొదలుకుని ఆ బకెట్టు గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

"ఆ షాపులో దొరకని వస్తువు లేదమ్మాయ్, పీట తప్ప" అన్నారు ఒకసారి. కొనేవాళ్ళు నిలబడాలి, అమ్మేవాళ్ళు నిలబడాలి. షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా కూర్చోకూడదు, ఆనుకోకూడదు. పైన కెమెరా. చీర భుజాన వేసుకుంటే వద్దన్నారట, దానికి బొమ్మ ఉందట. కవరు విప్పకుండానే అమ్మాలట. ఇదంతా ఆయన ఫిర్యాదులా చెప్పేవారు కాదు. కొత్త ఊరి పద్ధతులు చెప్పినట్టు చెప్పేవారు. నాకే ఒళ్ళు మండేది.

అక్కడ పనిచేసేది ఎక్కువమంది ఆడపిల్లలు. పెడన నుంచి, దివిసీమ పల్లెల నుంచి వచ్చి ఒకే గదిలో సర్దుకుని ఉండేవాళ్ళు. నెలసరి రోజుల్లో కూడా పొద్దస్తమానం నిలబడాలి. బాబాయి వాళ్ళకో ఉపాయం కనిపెట్టారు. కింది అర సర్దాలంటే నేల మీద కూర్చోవాల్సిందే కదా, దానికి కెమెరా ఏమీ అనదు. ఏ పిల్ల మొహం వాడినా దగ్గరికెళ్ళి "కింది అర సర్దమ్మా" అనేవారు. ఆ పిల్ల కూర్చుని, సర్దిన చీరలే మళ్ళీ సర్దుకుంటూ కాసేపు కాళ్ళు సేద తీర్చుకునేది. ఆ పిల్లలు ఆదివారం పూట ఎప్పుడైనా పిన్నిని చూడ్డానికి వచ్చి, ఈ సంగతి చెప్పుకుని నవ్వేవాళ్ళు.

ఆడపిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి తను కూర్చోలేదు. పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, చీలమండ దగ్గర నల్లగా కమిలింది. మేడమెట్లు ఎక్కలేకపోతే ద్వారం దగ్గర వేశారు. వచ్చేవాళ్ళకు చేతులు జోడించి నమస్కారం, వెళ్ళేవాళ్ళకు థాంక్యూ, మళ్ళీ రండి. అదే ఉద్యోగం. రోజంతా అని అని నోటికి పట్టుకుని, ఒకనాడు మా పాలవాడికి కూడా చేతులు జోడించి "మళ్ళీ రండి" అన్నారు. రేపు పొద్దున్నే వస్తా కదండీ అన్నాడు వాడు అయోమయంగా.

ఆయన కొంప ముంచింది ఆ మాటే.

వానాకాలం, మధ్యాహ్నం పూట. హంసలదీవి వైపు నుంచి వచ్చిన మనిషి ఒకాయన, సముద్రం మీద వేటకెళ్ళే ఆయన, ద్వారం బయట బురద కాళ్ళతో నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు. ఇత్తడి కడ్డీ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఆ నిలబడడం బాబాయికి ఎప్పటినుంచో తెలుసు. కొడుకు పెద్దాసుపత్రిలో పోయాడు. బట్ట కావాలి. బజారులో కొట్లన్నీ మూతపడి ఉంటే ఎవరో ఇటు పంపారు. బాబాయి ద్వారం వదిలేసి లోపలికి వెళ్ళారు. వదలకూడదు. ఆ కాళ్ళతోనే మేడెక్కి తెల్ల పంచె తెచ్చారు. చేతికివ్వకుండా బల్ల మీద పెట్టారు. బిల్లు అయ్యాక ఆ మనిషి సంచి పట్టుకుని ద్వారం దాటుతుంటే, అద్దం వైపు మొహం తిప్పుకున్నారు.

వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు. చిన్నవాడు, చెడ్డవాడు కాదని బాబాయే అనేవారు. అంకుల్, గ్రీటింగ్ చెప్పలేదన్నాడు. బాబాయి ఇటు తిరగలేదు. దాంతో మేనేజరే ముందుకొచ్చి, చేతులు జోడించి, ఆ మనిషితో "థాంక్యూ సర్, మళ్ళీ రండి" అన్నాడు.

ఆ మనిషి మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి చూశాడట. కోపంగా కాదు. ఏం విన్నాడో అర్థం కానట్టు చూశాడట.

"వద్దు బాబూ, ఆ మాట అనకండి" అన్నారు బాబాయి. "కొడుక్కి కొన్నాడాయన. శవం ఆసుపత్రిలో ఉంది."

"ఏం కొన్నా కస్టమరే కదా అంకుల్" అన్నాడు మేనేజరు. "మీరు అనకపోతే పైనుంచి నన్నడుగుతారు. రేపట్నుంచి అందరికీ అంటేనే రండి."

ఆ సాయంత్రం బకెట్టులో కాళ్ళు పెట్టుకుని ఇదంతా చెప్పారు. పిన్నికి భయం వేసింది. మందులున్నాయి, అద్దె ఉంది, ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? నోటిమాటే కదండీ, అనేస్తే పోయేదానికి అంది. నేనూ అదే అన్నాను. లోపల ఏమనుకున్నా పైకి అనేయండి బాబాయ్, కడుపు ముఖ్యం కదా అన్నాను. ఆయన నీళ్ళలో కాళ్ళు కదిపారు.

"దివిసీమలో అంతమందికి గుడ్డ చింపిచ్చాను. ఒక్కరికి కూడా ఆ మాట అనలేదే" అన్నారు. "ఇప్పుడు అంటే, అప్పుడు అనకపోయింది కూడా పోతుంది."

మర్నాడు నీలం చొక్కా ఉతికింది వేసుకుని మామూలుగానే వెళ్ళారు. అందరికీ అంటాను, చావుబట్టకు వచ్చేవాళ్ళకు తప్ప అని అడిగారట. కుదరదన్నారు. గుండె మీద పేరుబిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం కాకముందే ఇంటికొచ్చేశారు. బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టారు. అవి మళ్ళీ తొడగలేదు.

తర్వాతి కథ చెప్పడానికి ఏం లేదు. పిన్ని, నేను కలిసి ఇడ్లీలు వేసి అమ్మాం. ఆయన పనికోసం గుడివాడ దాకా తిరిగారు. గుడివాడలోనూ పెద్ద షాపు వచ్చేసింది. చీలమండ దగ్గర కమిలిన చోట పుండు పడింది. షుగరని అప్పుడు తేలింది. ఆసుపత్రిలో కట్టు కట్టడం, ఇంటికి రావడం, మళ్ళీ వెళ్ళడం. తిరిగి తిరిగి ఆ కాలు మానలేదు. పగలంతా గేటుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "కూర్చునే ఉద్యోగం దొరికింది చూశావా" అన్నారొకసారి. నాకు నవ్వు రాలేదు. ఎప్పుడైనా తెలియనివాళ్ళు ఒకరిద్దరు వచ్చి గేటు కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్ళు. కొట్టు లేదమ్మా అని చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టేది. వాళ్ళు వెళ్ళాక ఆ పూట అన్నం తినేవారు కాదు.

ఇక ఆయనకే బట్ట కావాల్సిన రోజు వచ్చింది.

బాబాయి పోయిన పొద్దున ఘంటసాల నుంచి పిన్ని తమ్ముడు స్కూటరు మీద వచ్చాడు. మగవాళ్ళు తక్కిన పనుల మీద వెళ్తే, గుడ్డ తెలిసినదాన్నని నన్ను అతని వెంట పంపారు. ఊరందరి చావుకీ కొట్టు తెరిచిన మనిషి కోసం, మేమిద్దరం ఆ పెద్ద షాపు మెట్ల మీద షట్టరు ఎత్తేదాకా ఎదురుచూశాం. పది గంటలకు గానీ ఎత్తరు. ఆషాఢం కదా, మేడ పొడుగునా ఎర్ర గుడ్డలు వేలాడుతున్నాయి. లోపల పాటలు పెట్టారు.

పంచెల దగ్గరున్న పిల్లను గుర్తుపట్టాను. ఆదివారాలు ఇంటికొచ్చే పిల్లే. తెల్లది కావాలన్నాను. నా మొహం చూసి, ఎవరికి ఆంటీ అని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల ఒకసారి పైన కెమెరా వైపు చూసి, గబుక్కున కింది అర ముందు కూర్చుండిపోయింది. తల అరలోకి పెట్టి, పంచెలు తీస్తూ పెడుతూ, భుజాలు అదిరిపోతుంటే అలాగే సర్దుతోంది. పక్క వరసలో పిల్లకు తెలిసింది. తనూ కూర్చుంది. ఆ వెనక వరసలో ఇంకో పిల్ల కూర్చుంది. నిలబడి ఏడిచే వీల్లేని చోట ఆయన వాళ్ళకు ఇచ్చిన జాగా అదే. నేనే అరలోంచి ఒక తెల్ల పంచె తీసుకుని, కళ్ళు తుడుచుకోకుండా బిల్లు దగ్గరికి నడిచాను.

బిల్లు కుర్రాడు ఇంకోటి తెచ్చుకోండి ఆంటీ, ఆఫర్ ఉంది అన్నాడు. ఒకటే కావాలి బాబూ అన్నాను. "ఒకటికి బిల్లు పడదు ఆంటీ. మిషను రెండు తీసుకుంటుంది" అన్నాడు. వాదించే ఓపిక లేదు. ఇంటి దగ్గర ఆయన ఎదురుచూస్తున్నారు. అతనే ఎవర్నో పిలిచి రెండోది తెప్పించి, రెండూ రెండు సంచుల్లో వేసిచ్చాడు. ద్వారం దగ్గర పిల్ల మమ్మల్ని చూసి, జోడించబోయిన చేతులు దించేసింది. ఏమీ అనలేదు. బాబాయి చెప్పి ఉంటారు. ఆ పిల్లకు ఏమీ కాకుండా ఉంటే చాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటికెళ్ళాక ఒకటి ఆయన మీద కప్పాం. పిన్ని అన్నీ చూస్తూనే ఉంది.

"ఆ రెండోది ఎవరికే?" అంది.

"ఊరికే ఇచ్చారు పిన్నీ" అన్నాను.

వాకిట్లో ఉన్న జనం అంతా ఒక్కసారి ఆగిపోయారు. పిన్ని నా చేతిలో సంచి వైపు చూసింది, తన మీద ఉన్న చీరను దగ్గరగా లాక్కుంది. లోపలికి తేవద్దంది. ఎవరో ఒకరు తీసి గేటుకు తగిలించారు. ఇంట్లో పెట్టుకోలేం, పారేయలేం. ఎవరికైనా ఇద్దామంటే, ఆ ఇంటికి ఏం చెప్పి ఇస్తాం?

దినాలన్నీ అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు, ఎవరూ వెళ్ళొస్తామని చెప్పకుండానే. ఆ సంచి ఇంకా అక్కడే ఉంది. బట్ట కోసం వచ్చినవాళ్ళు పట్టుకుని నిలబడే కడ్డీకే వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా ఉబ్బి ఇంటి వైపు తిరుగుతుంది. దాని మీద జోడించిన రెండు చేతుల బొమ్మ, కింద ఎర్ర అక్షరాలతో మళ్ళీ రండి అని రాసి ఉంది. బాబాయి కుర్చీని పిన్ని ఇప్పుడు ఆ వైపు వేయడం లేదు.